గిన్నెలో మిగిలిన నూనె

జూన్ 9, సోమవారం

ఈ డైరీ రొయ్యల మేత కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరానికి ఇచ్చింది. అట్ట మీద మీసాల రొయ్య. ఈయన రాతకోతలన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నారు కాబట్టి బియ్యం డబ్బా మీద ఊరికే పడి ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేని మాట ఒకటుంది. దీనితో చెప్పుకుంటాను.

నా కుడిచెయ్యి పైకి లేవడం లేదు.

ఆవకాయ కలిపినప్పుడు పట్టేసిందని అందరితోనూ అన్నాను. అంతకు ముందు నుంచే ఉంది. జడ వేసుకోలేను. రవిక చెయ్యి తొడుక్కోవడానికి గోడకి ఆనుకోవాలి. ఇవన్నీ నా బాధలు, పడతాను. కానీ మా అమ్మాయి చాందినికి ఆరో నెల. తొలి కాన్పు, శ్రావణంలో తాడేపల్లిగూడెం నుంచి ఇక్కడికి, కైకలూరు తీసుకొచ్చుకోవాలి. పుట్టిన బిడ్డకి ఒళ్ళంతా నూనె రాసి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాల్సింది నేను. చాందినికి మా అమ్మ పోసింది. నాకు మా అమ్మమ్మ పోసిందట. చెయ్యి లేవని దాని చేతిలో పసిగుడ్డుని ఎవరు పెడతారు?

ఈ సంగతి వియ్యాలవారికి తెలిస్తే పురుడు మేమే పోస్తాం అంటారు. మంచివాళ్ళు కాబట్టే అంటారు. అదే నా భయం.

జూన్ 12

నిన్న సాంబారు గిన్నె నా చేతిలోంచి జారడం ఈయన చూశారు.  ఈవేళ ఏలూరు వెళ్ళి, ఏదో కార్డు తెచ్చి, పెద్దింట్లమ్మ అమ్మవారి ఫొటో దగ్గర పెట్టి, దణ్ణం పెట్టుకుని మరీ నా చేతికి ఇచ్చారు. మసాజ్ స్టూడియో మెంబర్‌షిప్పట. నెలనెలా ఎన్నిసార్లయినా వెళ్ళొచ్చట. ఐసు ఫ్యాక్టరీ ఆయన భార్యకి నడుం నొప్పి అక్కడే తగ్గిందట.

"డాక్టర్లు సూదులేస్తారే తాయారూ. ఇదయితే హాయిగా పడుకోడమే," అన్నారు.

పెళ్ళయిన కొత్తలో పట్టీలు తెచ్చిన రోజున కూడా ఈయన మొహం ఇంతలా వెలగలేదు.

జూన్ 16, సోమవారం

మొదటిసారి వెళ్ళాను. ఆటపాక దాటాక బస్సు కిటికీలోంచి కొల్లేరు గాలి తగిలి ప్రాణం లేచొచ్చింది. భుజం ఈవేళే సగం తగ్గిపోతుందన్నంత ధీమాగా దిగాను.

ఆర్.ఆర్. పేటలో మేడ మీద ఉంది. పేరు ఇంగ్లీషులో ఉంది, నాకు నోరు తిరగదు. బల్ల దగ్గర సాయిప్రియ అనే అమ్మాయి నవ్వుతూ మేడమ్ అంది. లోపల గదులు లేవు, కర్టెన్లు ఉన్నాయి. నూనెకి పూల వాసన తప్ప నూనె వాసన లేదు. ఏసీకి పళ్ళు కొట్టుకున్నాయి. పింకీ అని ఒక పిల్ల వచ్చి, మంచానికి ఉన్న కన్నంలో మొహం పెట్టి బోర్లా పడుకోమంది. ఎక్కడినుంచో నీళ్ళు పారుతున్న చప్పుడు. టేపట, మనసు నెమ్మదిస్తుందని పెడతారట.

మాకా చప్పుడు కొత్తా? రొయ్యల చెరువులో ఏరియేటర్లు రాత్రింబగళ్ళు నీళ్ళు చిమ్ముతూనే ఉంటాయి. ఈయన గట్టు మీద షెడ్డులో ఆ చప్పుడులోనే పడుకుంటారు. అది ఆగిందంటే కరెంటు పోయినట్టు, జనరేటరు వేసేలోపు రొయ్యకి గాలి అందక చెరువంతా తేలిపోయినట్టు.

పింకీ మెడ మీద చెయ్యి వేసింది. నాకు కొంచెం మగతగా పట్టింది. అంతలో చప్పుడు ఆగిపోయింది.

నేను లేచిపోయాను. ఎలా లేచానో తెలియదు. దుప్పటి చుట్టుకుని, "కరెంటు పోయింది, జనరేటర్ వెయ్యండి," అని కేక పెట్టాను. పింకీ బెదిరిపోయింది. లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. టేపు చివరికొచ్చి మళ్ళీ మొదలయింది, అంతే. ఆ విసురుకి కుడి భుజంలో కారం కూరినట్టయింది. మిగతా సేపంతా టేపు ఎప్పుడు ఆగుతుందా అని చెవులు రిక్కించుకునే పడుకున్నాను.

"ప్రెషర్ ఓకేనా మేడమ్?" అంది పింకీ.

"బాగుందమ్మా," అన్నాను.

సాయంత్రం ఈయన ఫోన్ చేసి, "ఎలా ఉందే?" అన్నారు.

"బాగుందండీ."

జూన్ 19

చెయ్యి పోపుల పెట్టె అరదాకా అందింది. మడమలు ఎత్తానేమో.

జూన్ 24

ఈసారి పింకీ లేదు, మానేసిందట. కొత్త పిల్ల, పేరు చెప్పలేదు. కుడి భుజం అని ముందే చెప్పాను. ఆ పిల్ల కర్టెన్ అవతలి పిల్లతో పెళ్ళిచూపుల కబుర్లు చెబుతూ మొదలుపెట్టి చివరిదాకా ఎడమ భుజమే పిసికింది. మధ్యలో చెబుదామనుకున్నాను. అవతల పెళ్ళికొడుకు ఎత్తు దగ్గర మాట ఆగింది, అడ్డం పడడం బాగుండదనిపించింది. తర్వాత చెబుదాంలే అనుకుంటుండగానే టైమయిపోయింది.

"ప్రెషర్ ఓకేనా మేడమ్?"

"బాగుందమ్మా. సంబంధం కుదరాలని దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను."

ఎడమ భుజం నిజంగానే చాలా బాగుంది. దానికి అసలు ఏ జబ్బూ లేదు.

జూలై 2

ఫోన్ చేసి రమ్మంటేనే వెళ్ళాను. తీరా వెళితే మనుషులు లేరట, బదులుగా కుర్చీ ఇస్తామంది సాయిప్రియ. అదొక కరెంటు కుర్చీ. కూర్చోగానే కాళ్ళూ చేతులూ పట్టేసుకుంది. వీపులో ఏవో గుండ్రాళ్ళు పైకీ కిందికీ తిరిగాయి. ఆపమందామంటే పక్కన ఎవరూ లేరు. అయిపోయాక దానంతట అదే వదిలింది.

బస్టాండులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. భుజం నొప్పికే అయి ఉంటుంది.

ఇంటికొచ్చేసరికి ఈయన చెరువు దగ్గర్నుంచి తొందరగా వచ్చి ఉన్నారు. కాఫీ ఈయనే కలిపారు, చక్కెర మర్చిపోయారు.

"ఎలా ఉందే?"

"బాగుందండీ."

"నే చెప్పలేదూ," అన్నారు.

జూలై 3

కాఫీలో చక్కెర లేదని కూడా చెప్పలేదు నేను.

జూలై 11

చాందిని ఫోన్. బిడ్డ కదులుతోందట, ఎక్కువగా కుడిపక్కేనట. "అమ్మా, నేనొచ్చాక కొబ్బరి కోరి బెల్లం కూరిన బూరెలు చేస్తావా?" అంది. ఎందుకు చెయ్యనే అన్నాను. ఫోన్ పెట్టేశాక కొబ్బరి కోరాము తీసి ఎడంచేత్తో కోరి చూశాను. సగం కింద పడింది. అలవాటైతే వస్తుంది.

జూలై 18

ఊరగాయ జాడీ అరని ముట్టుకున్నాను. పీట మీద నిలబడి.

జూలై 25

డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చుగా అంటున్నావా? వెళితే దీనికో పేరు పెడతాడు. పేరు పెట్టాక ఇక దాచలేను. ఈయన కొన్న కార్డు దండగయిందని కూడా చెప్పాలి. ఆ మొహం వాడిపోవడం నేను చూడలేను. శ్రావణం వచ్చేసింది. ఇంకా టైముంది.

ఆగస్టు 3, ఆదివారం

గూడెంలో చాందిని సీమంతం. జరిగింది జరిగినట్టు రాస్తాను.

జడలో పూలు తల్లి చేతే పెట్టించాలి అన్నారు ప్రసన్నలక్ష్మి వదినగారు, మా వియ్యపురాలు. ఆ మాట వస్తుందని నాకు తెలుసు. పిల్లని పీట మీద కూర్చోబెడతారు, వంగి పెట్టెయ్యొచ్చులే అని ఇంట్లో పీట వేసుకుని, దాని మీద బిందె పెట్టి, మల్లెచెండు చుట్టి మరీ చూసుకున్నాను. వెళ్ళేసరికి ఫంక్షన్ హాలు వాళ్ళ సింహాసనం. చాందిని తల నా మెడదాకా ఉంది.

కుడిచెయ్యి సగందాకా వెళ్ళి ఆగింది. అందరూ చూస్తున్నారు, ఫొటో అబ్బాయి ఆగమంటున్నాడు. ఎడంచేత్తో పెట్టేశాను. శుభమా అని ముత్తయిదువుల మధ్య ఎడంచెయ్యి వాడింది కన్నతల్లి. వెనక ఎవరో చిన్నగా ఏదో అనుకున్నారు. చాందిని మాత్రం తల వంచి ఇంకా కిందికి దింపింది. బిడ్డ బరువుతో వంగడం దానికెంత కష్టమో నాకు తెలుసు.

భోజనాల దగ్గర ప్రసన్నలక్ష్మి గారు నా పక్కన కూర్చుని మెల్లగా అన్నారు: "వదినగారూ, మీరేం అనుకోకండి. మీ చెయ్యి బాగున్నట్టు లేదు. పురుడు మా దగ్గరే కానిద్దామండీ. ఎక్కడైతేనేం, మీరూ వచ్చి ఉండండి."

అంత మెత్తగా అనకపోయినా బాగుండేది. అంతలో ఎదురు వరసలోంచి ఈయన అందుకున్నారు.

"అయ్యో అదేం లేదు చెల్లెమ్మగారూ. ఏలూర్లో మసాజ్ చేయిస్తున్నాను కదండీ. బ్రహ్మాండంగా తగ్గింది. తాయారూ, ఓసారి చెయ్యెత్తి చూపించవే."

ఈయన మోసం చేయడం లేదు. నేను చెప్పినదాన్ని నమ్మి చెబుతున్నారు. నేను లేచాను. కాలివేళ్ళ మీద నిలబడ్డాను, చీర కుచ్చిళ్ళు ఉంటాయి కాబట్టి ఎవరికీ కనపడదు. చెయ్యి ఎత్తాను. చెవి దాటింది. కళ్ళలో నీళ్ళొస్తే నవ్వినట్టు మొహం పెట్టాను.

"చూశారా," అన్నారు ఈయన, మళ్ళీ పులిహోర వడ్డించుకుంటూ.

"సరే వదినగారూ, మీ ఇష్టం," అన్నారు ఆవిడ.

చాందినిని పురిటికి తీసుకొచ్చేటప్పుడు కారులో అది నా కుడిపక్క డోరు తీసి, ఆగి, చుట్టూ తిరిగొచ్చి ఎడంపక్క కూర్చుంది. గుండుగొలను దాటాక ఎడమ భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. 

ఆగస్టు 5

రెండు రోజులుగా చెయ్యి పక్కన పెట్టుకుని పడుకోవడానికి కూడా లేదు. చెవిదాకా ఎత్తిన ఫలితం.

ఆగస్టు 7

ఈయన ఆ మెంబర్‌షిప్ ఇంకో ఏడాదికి పొడిగించారు. నా చెయ్యి అంత బాగా లేచాక ఎందుకు పొడిగించరు? పొడిగించినందుకు తోడొచ్చిన వాళ్ళకి ఒకసారి ఉచితమట. "సోమవారం నేనూ వస్తానే, చెరువు ఏలీయా చూసుకుంటాడు," అన్నారు. ఏలీయా చెరువు కాపలాకి ఉండే అతను.

నేనెక్కడ తల దాచుకోను?

ఆగస్టు 11, సోమవారం

నవ్వి నవ్వి పక్కలు నొప్పెడుతున్నాయి. చెయ్యి కూడా నొప్పిగానే ఉంది, కానీ ఈవేళ దాని సంగతి తర్వాత.

ఈయన తెల్లచొక్కా వేసుకుని, సెంటు రాసుకుని బయల్దేరారు. సాయిప్రియ ఈయన్ని మగవాళ్ళ వైపుకి పంపింది. జాకబ్ అని ఒక కుర్రాడు తీసుకెళ్ళాడు. నన్ను ఇంకో కొత్త పిల్ల ఇవతల పడుకోబెట్టింది. నీళ్ళ చప్పుడు మొదలయింది. నేను లోపల్లోపల దణ్ణం పెట్టుకుంటున్నాను, ఈయనకైనా బాగా చెయ్యాలని.

టేపు ఆగింది.

అవతలి పక్కన ఏదో స్టూలు పడ్డ చప్పుడు. "ఏలీయా, జనరేటర్," అని మా ఆయన గొంతు. వెంటనే కర్టెన్లు తోసుకుంటూ పరుగు, వెనకాలే "సార్, సార్, టవల్ సార్," అంటూ జాకబ్. మెట్ల దాకా వెళ్ళిపోయారట. సాయిప్రియ చేతులు అడ్డం పెట్టి ఆపిందట.

నేను ఆ కన్నంలో మొహం పెట్టుకునే నవ్వుతున్నాను. మంచం ఊగిపోతోంది. పిల్ల భయపడి, "ప్రెషర్ ఎక్కువైందా మేడమ్?" అంది.

బయటికొచ్చాక ఈయన బుద్ధిగా కూర్చుని ఉన్నారు. సాయిప్రియ, "ఎలా ఉంది సార్?" అంది. ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "బాగుందమ్మా," అన్నారు.

బస్సెక్కాం. చాటపర్రు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

"ఆ కుర్రాడు నా కుడికాలొక్కటే పిసికాడే," అన్నారు చివరికి. "ఎడంకాలు మర్చిపోయాడు."

"చెప్పలేకపోయారా?"

"ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు పాపం. నీకూ ఇంతేనా?"

"నాకు ఎడమ భుజం బాగా చేశారండీ."

"నొప్పి కుడిదాంట్లో కదే."

"ఊఁ."

ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. ముందు సీటు ఆవిడ తిరిగి చూసింది. అయినా ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉన్నట్టుండి ఈయన మొహం మారిపోయింది.

"మరి గూడెంలో ఎలా ఎత్తావే?"

 తల తిప్పుకున్నాను.

"మీరు కార్డు అమ్మవారి దగ్గర పెట్టి ఇచ్చారు కదండీ," అన్నాను. "బాగా లేదని ఎలా చెప్పను?"

ఈయన నా కుడిచెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకున్నారు. బస్సులో, నలుగురి మధ్య. కైకలూరు వచ్చేదాకా తియ్యలేదు.

ఆగస్టు 13

డాక్టర్ పేరు పెట్టాడు. భుజం కీలు బిగుసుకుపోయిందట. రోజూ చెయ్యి ఆడించాలి, తగ్గుతుంది, కానీ నెలలు పడుతుంది అన్నాడు. "కాన్పు లోపు తగ్గదాండీ?" అని ఈయన అడిగారు. తగ్గదమ్మా అని నాకు చెప్పాడు.

ఆగస్టు 14

పొద్దున్నే ఈయన చెరువులో వలకి వాడే కప్పీ, తాడు తెచ్చి తలుపు పైన కట్టారు. ఒక కొస ఎడంచేత్తో లాగితే ఇంకో కొస పట్టుకున్న కుడిచెయ్యి లేస్తుంది. డాక్టర్ బొమ్మ గీసి చూపించినట్టే ఉంది. కట్టేసి, దూరంగా నిలబడి చూసి, "బాగుందా?" అన్నారు.

"తాడు గరుగ్గా ఉందండీ," అన్నాను. గుడ్డ చుట్టి ఇచ్చారు.

తర్వాత నేనే గూడెం ఫోన్ చేశాను. ఆ రోజు కాలివేళ్ళ మీద నిలబడ్డానని కూడా చెప్పేశాను. 

"చెప్పినందుకు సంతోషం వదినగారూ," అన్నారు ప్రసన్నలక్ష్మి గారు. "మరి చాందినిని పంపించెయ్యండి. చరణ్‌తేజని కారు తీసుకుని రమ్మంటాను."

అల్లుడే వచ్చి తీసుకెళతాడంటే ఇక కాదనడానికి లేదు. సరేనండీ అనబోతుంటే చాందిని వచ్చి ఫోన్ లాక్కుంది.

"అత్తయ్యా, నేనిక్కడే ఉంటానండీ. మా అమ్మకి చెయ్యే కదండీ లేవంది, కాళ్ళు బాగానే ఉన్నాయి. బిడ్డని పడుకోబెట్టుకునేది కాళ్ళ మీదే కదండీ."

అవతలినుంచి ఆవిడ ఏమన్నారో వినపడలేదు. చాందిని నవ్వింది. "మీరూ రండి, మీరు చూస్తుండగానే పోస్తుంది," అని పెట్టేసింది.

ఆగస్టు 15

రోజంతా నా కాళ్ళు నేనే చూసుకున్నాను. మా అమ్మ కాళ్ళలాగే ఉన్నాయి.

సెప్టెంబర్ 6

ఆడపిల్ల. తెల్లవారాక పుట్టింది. ఇద్దరూ క్షేమం. ఇంకేమీ రాయలేను.

సెప్టెంబర్ 9

బిడ్డని ఎడంచేత్తోనే ఎత్తుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను.

సెప్టెంబర్ 18, గురువారం

బొడ్డు ఊడింది కదా, ఈవేళ నీళ్ళు పోశాం.

పొద్దున్న ప్రసన్నలక్ష్మి గారు వచ్చారు. పెరట్లో ఎండ పడే చోట చాప వేసి, గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. పక్కన గిన్నెలో గోరువెచ్చటి నువ్వుల నూనె. మాడుకి ఆముదం. ఆవిడ తువ్వాలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. ఈయన వేడినీళ్ళ బకెట్టు దగ్గర. చెరువు నీళ్ళు చూసినట్టు మోచేతి దాకా ముంచి చూసి, చన్నీళ్ళు కలిపి, మళ్ళీ ముంచి చూశారు. మగవాళ్ళెవరూ మా ఇంట్లో ఈ పనికి కూర్చోలేదు. అడగకుండా వచ్చి కూర్చున్నారు.

చాందిని బిడ్డని తెచ్చి నా కాళ్ళ మీద పెట్టింది.

ఇన్ని నెలలూ ఎంత భయపడ్డానో, అంత భయం ఆ ఒక్క నిమిషంలో పడ్డాను. తర్వాత దాని వీపు నా కాళ్ళ మధ్య సరిగ్గా ఒదిగిపోయింది, కదలకుండా. అప్పుడు తెలిసింది. ఇక్కడ చెయ్యి పైకెత్తాల్సిన పనే లేదు. బిడ్డ అంతా కిందే ఉంది, నా మోకాళ్ళ దగ్గర. కుడిచేతికి కూడా అందుతుంది. ఇన్నాళ్ళూ చెవిదాకా ఎందుకు ఎత్తి చూసుకున్నానో.

ఎడంచేత్తో నూనె రాశాను, కుడిచేత్తో పట్టుకున్నాను. గుండెల మీంచి పక్కలకి, తొడల మీంచి పాదాలకి. దాని కుడిచెయ్యి ఎడమకాలికీ ఎడమచెయ్యి కుడికాలికీ ఆనించి మడిచాను. ఏడవలేదు. తిప్పి బోర్లా వేసుకున్నాను. ఈయన చెంబుతో ధార సన్నగా పోస్తున్నారు, నేను అనకముందే ఆపుతున్నారు. చివరి చెంబు దిష్టికి దిగదుడిచి పారబోశాం. ప్రసన్నలక్ష్మి గారు తువ్వాల్లో అందుకుని, ముక్కు దగ్గర ముద్దు పెట్టి, "మా చాందినికి కూడా మీరే పోశారా వదినగారూ?" అన్నారు.

"మా అమ్మ పోసిందండీ."

"అదే చెయ్యి," అన్నారు ఆవిడ. సాంబ్రాణి పొగ వెయ్యడానికి లోపలికి వెళ్ళారు.

పెరట్లో మేమిద్దరమే మిగిలాం. నాకు లేవబుద్ధి కాలేదు. ఎండ బాగుంది. గిన్నెలో నూనె మిగిలింది. లోపల బిడ్డ నిద్రపోయినట్టుంది, ఏ చప్పుడూ లేదు. ఇద్దరం ఒక్కసారే చెవులు రిక్కించి, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకున్నాం.

ఈయన బకెట్టు పక్కన పెట్టి, వచ్చి నా వెనక కూర్చున్నారు. రెండు వేళ్ళు గిన్నెలో ముంచారు. వల లాగి లాగి గరుకెక్కిన చెయ్యి, బరువుగా వచ్చి నా కుడి భుజం మీద పడింది. రాయడం రాదు, పిసకడం రాదు, బెదురుతూ బెదురుతూ ఒకేచోట తిప్పుతున్నారు.

"ప్రెషర్ ఓకేనా మేడమ్?" అన్నారు, గొంతు చిన్నది చేసి.

బాగుందండీ అనబోయాను. నోటిదాకా వచ్చింది.

"అక్కడ కాదండీ," అన్నాను. "ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం కిందికి. ఆఁ, అక్కడ. అక్కడ నొప్పండీ."